అవినీతి ఆరోపణల్లో చిక్కుకున్న నాయకుడి వెంట పార్టీ ఎందుకు నిలబడుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద నాయకుడి మీద డబ్బుకు సంబంధించిన ఆరోపణ వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. పార్టీ ఎందుకు అంత గట్టిగా వెనకేసుకొస్తుంది? రాజీనామా అడగడం అన్యాయమా? కేసు కొట్టేస్తే మచ్చ పోయినట్టేనా? ప్రశ్నించిన కార్యకర్త ద్రోహి అవుతాడా? వాటన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన పేజీ ఇది. ఏ ఒక్క పార్టీనీ ఉద్దేశించి రాయలేదు. ఉదాహరణలు చాలా దేశాల నుంచి, రకరకాల పార్టీల నుంచి తీసుకున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఆరోపణ బయటపడిన కొత్తలో

వార్త వచ్చిన గంటకే పార్టీ మొత్తం "ఇది కుట్ర" అంటుంది. నిజానిజాలు తెలియకుండా ఎలా అంటారు?

ఆ గంటలో నాయకుడికి, ఆయన లాయర్లకు తప్ప పత్రాల సంగతి ఎవరికీ తెలియదు. కానీ మండల స్థాయి నాయకుడి దాకా అందరి ముందుకూ మైకు వస్తుంది, ఏదో ఒకటి చెప్పక తప్పదు. అందుకే పార్టీ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో నాలుగు పాయింట్లు వెళ్తాయి: ఇది కక్షసాధింపు, సరిగ్గా ఇప్పుడే ఎందుకు బయటపెట్టారు, అవతలివాళ్ల కుంభకోణాల మాటేమిటి, మా నాయకుడు కడిగిన ముత్యంలా బయటకొస్తారు. ఆ సాయంత్రం వేర్వేరు ఛానెళ్లలో కూర్చున్న అధికార ప్రతినిధులు అవే మాటలు, అదే వరుసలో చెప్పడం మీరు గమనించే ఉంటారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి రోజు నోరు విప్పనివాళ్లు ఎవరో అధిష్టానం గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల ఖండించడానికి పోటీ పడతారు. నిజంగా కుట్రే అయ్యుండవచ్చు, కాకపోనూవచ్చు. మొదటి రోజు ఖండన చూసి ఆ విషయం తేల్చలేం. మొదటి రోజు ప్రతిపక్షం చేసే హడావుడి చూసి కూడా తేల్చలేం.

పార్టీ ఇచ్చే వివరణలో పస ఉందో లేదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

ఒక్కటి చూడండి. వాళ్లు ఆరోపణలోని విషయాన్ని కాదంటున్నారా, లేక ఆరోపించినవాళ్ల ఉద్దేశాన్ని తిడుతున్నారా? "ఆ ఖాతా మాది కాదు", "ఆ తేదీన ఆ చెల్లింపు జరగలేదు" అనేవి ఎవరైనా సరిచూడగలిగే జవాబులు. "మా ఎదుగుదల చూసి ఓర్వలేక" అనేది సరిచూడటానికి వీల్లేని జవాబు.

రెండోది, కథ మారుతోందా అన్నది. మలేషియా ప్రధాని నజీబ్ రజాక్ వ్యక్తిగత ఖాతాల్లోకి దాదాపు 70 కోట్ల డాలర్లు వచ్చాయని 2015 జులైలో వార్త వచ్చింది. మొదట రాజకీయ కుట్ర అన్నారు, సొంత లాభానికి డబ్బేమీ తీసుకోలేదన్నారు. కొన్ని వారాలకు అది విరాళం అన్నారు. 2016 జనవరిలో అటార్నీ జనరల్ వచ్చి అది సౌదీ రాజకుటుంబం ఇచ్చిన కానుక అని, చాలా భాగం తిరిగి ఇచ్చేశారని ప్రకటించారు. "సొంతానికి డబ్బు తీసుకోలేదు" నుంచి "వచ్చింది కానీ తప్పు లేదు" దాకా మాట జారితే, మధ్యలో బయటపడిన కాగితాలేమిటో వెతకాలి.

అందరూ తింటున్నారు. మా నాయకుడినొక్కడినే ఎందుకు పట్టుకున్నారు?

ఈ బాధలో కొంత న్యాయం ఉంది. దర్యాప్తు సంస్థలు అధికారంలో ఉన్నవాళ్ల చెప్పుచేతల్లో నడిచే చోట, ఎవరి మీద కేసు కదులుతుంది, ఎవరిది మూలన పడుతుంది అన్నది అధికారాన్ని బట్టే ఉంటుంది. పార్టీ మారగానే కేసు చల్లబడటం మనకు కొత్త కాదు. దాన్ని గట్టిగా ప్రశ్నించాల్సిందే.

అయితే ఆ వాదన మీ నాయకుడు నిర్దోషి అని చెప్పదు, మిగతావాళ్లనీ పట్టుకోవాలి అని మాత్రమే చెబుతుంది. ఇటలీ సోషలిస్టు నాయకుడు బెట్టినో క్రాక్సీ 1992 జులైలో పార్లమెంటులో లేచి, పార్టీలన్నీ అక్రమ నిధులతోనే నడుస్తున్నాయని, కాదని ప్రమాణం చేయగలవాళ్లుంటే లేవమని సవాలు విసిరారు. సభలో ఎవరూ లేవలేదు. ఆయన చెప్పింది చాలావరకు నిజమే. ఆ నిజం ఆయన్నీ కాపాడలేదు, ఆయన పార్టీనీ కాపాడలేదు.

సొంతానికి కాదు, పార్టీ కోసమే తీసుకున్నాడు. అందులో తప్పేముంది?

చట్టం లెక్క చెప్పమన్న డబ్బును దాచడమే తప్పు. జేబులోకి వెళ్లిందా, పార్టీలోకి వెళ్లిందా అన్నది తర్వాతి మాట. జర్మనీని 16 ఏళ్లు పాలించిన హెల్ముట్ కోల్ 1999 డిసెంబరులో, లెక్కల్లో చూపని విరాళాలు దాదాపు 20 లక్షల మార్కుల వరకు తీసుకున్నట్టు టీవీలో ఒప్పుకున్నారు. ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు, మాట ఇచ్చానన్నారు. సొంతానికి వాడుకున్నారని ఎవరూ అనలేదు. కానీ ఒక ప్రభుత్వాధినేతకు రహస్యంగా డబ్బిచ్చినవాడు ఎవరో, బదులుగా ఏం కోరాడో పౌరులకు తెలియకుండా పోయింది. పార్టీ లోపల చూసినా, లెక్కలేని డబ్బు చేతిలో ఉన్న నాయకుడు తనకు నచ్చిన శాఖలను పెంచుతాడు, నచ్చనివాళ్లకు నిధులు ఆపేస్తాడు. పార్టీ కోసం అన్న డబ్బు ఆయన పట్టు పెంచడానికే పనికొస్తుంది.

## విచారణ, అరెస్టు దశలో

ఎమ్మెల్యేలకు, ఎంపీలకు లోపల సంగతి తెలిసే ఉంటుంది కదా, నోరెందుకు మెదపరు?

నాలుగు గోడల మధ్య మాట్లాడతారు, బయట మాట్లాడరు. దీన్ని భక్తి అనో భయం అనో ఒక్క మాటలో తేల్చేస్తే అసలు సంగతి అర్థం కాదు.

మొదట టికెట్. వచ్చే ఎన్నికల్లో బీ-ఫారం మీద సంతకం ఎవరు పెడతారో వాళ్లను ఎదిరించడం ఎవరికీ తేలిక కాదు. అంతర్గత ఎన్నికలు పేరుకే జరిగే పార్టీలో ఆ సంతకం ఒక్కరిదే. రెండోది డబ్బు. ఎన్నికల ఖర్చు పైనుంచి వస్తే, పైవాడి మీద విచారణ అంటే తన ఖర్చు మీద కూడా విచారణే. మూడోది చట్టం. మన దేశంలో 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌కు (ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి) వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. గోడ దూకేవాళ్లను ఆపడానికి తెచ్చిన చట్టం, నిజాయతీగా విభేదించేవాళ్లను కూడా కట్టేసింది. నాలుగోది, ఆ నాయకుడు పోతే ఆ స్థానంలో ఎవరు అన్నదానికి జవాబు లేకపోవడం. తనకంటే తనకని నలుగురు కొట్టుకునే పరిస్థితి ఉంటే, ఆ నలుగురికీ పాత నాయకుడే మేలనిపిస్తాడు.

రహస్యంగా ఓటేసే అవకాశం ఇస్తే లెక్క ఎలా మారుతుందో దక్షిణాఫ్రికాలో కనిపించింది. న్‌కాండ్లాలోని సొంత ఇంటికి ప్రభుత్వ సొమ్ము వాడుకున్న వ్యవహారంలో అధ్యక్షుడు జాకబ్ జుమా రాజ్యాంగాన్ని నిలబెట్టలేదని 2016 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మరుసటి నెలలో పెట్టిన అభిశంసన తీర్మానం 143–233 ఓట్ల తేడాతో వీగిపోయింది. 2017 ఆగస్టులో అవిశ్వాస తీర్మానానికి స్పీకర్ రహస్య ఓటింగ్ అనుమతించారు. ఈసారి 177–198. అంటే పాలక పార్టీ వాళ్లే కనీసం పాతిక మంది సొంత అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఓటేశారు. అయినా ఆయన గట్టెక్కారు. చివరికి దింపింది ఓటింగ్ కాదు. 2017 డిసెంబరులో పార్టీ కొత్త అధ్యక్షుడిగా సిరిల్ రామఫోసా ఎన్నికయ్యాక, పదవి వదలమని పార్టీ ఆదేశించింది. 2018 ఫిబ్రవరి 14న జుమా రాజీనామా చేశారు. ప్రత్యామ్నాయం కంటికి కనిపించాకే కాళ్లు కదిలాయి.

నేరం రుజువయ్యేదాకా నిర్దోషే కదా, ముందే రాజీనామా ఎందుకు?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్నది ఒక మనిషిని జైల్లో పెట్టడానికి, ఆస్తి జప్తు చేయడానికి రాజ్యానికి గీసిన గీత. ఆ గీత చాలా విలువైంది, ఏ నాయకుడి విషయంలోనూ దాన్ని చెరపకూడదు. కానీ పదవి అనేది ఎవరి ప్రాథమిక హక్కూ కాదు. అది జనం నమ్మి అప్పగించిన పని. బ్యాంకు క్యాషియర్ మీద లెక్కల్లో తేడా వచ్చిందని ఫిర్యాదు వస్తే విచారణ అయ్యేదాకా క్యాష్ కౌంటర్ నుంచి పక్కకు పెడతారు. దొంగ అని ముద్ర వేసినట్టు కాదు, తాళాలు మరొకరి చేతిలో ఉండాలని మాత్రమే.

ముఖ్యమంత్రి, ప్రధాని విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. తన మీద విచారణ చేసే పోలీసు, వాదించే ప్రభుత్వ లాయరు, సాక్ష్యం చెప్పే అధికారి అందరూ ఆయన కిందే ఉండవచ్చు. 2015లో డబ్బు ఆరోపణలు ఎదుర్కొంటున్న మలేషియా ప్రధాని నజీబ్ తన ఉప ప్రధాని ముహియిద్దీన్ యాసిన్‌ను తీసేసిన రోజే అటార్నీ జనరల్‌నూ మార్చేశారు.

దీనికి భిన్నంగా నడుచుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. హవాలా కేసులో పేరు వచ్చినప్పుడు 1996 జనవరిలో ఎల్.కె. ఆద్వానీ లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. బయటపడేదాకా పోటీ చేయనన్నారు. 1997లో ఢిల్లీ హైకోర్టు అభియోగాలు కొట్టేసింది. 1998లో మళ్లీ గెలిచి సభకు వచ్చారు. పక్కకు తప్పుకున్నందుకు ఆయన రాజకీయ జీవితం ఆగిపోలేదు.

రాజీనామా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని జనం అనుకోరా?

కొందరు అనుకుంటారు. విచారణ పూర్తయ్యేదాకా అని స్పష్టంగా చెప్పి, ఆ మాట మీద నిలబడితే ఆ ముద్ర ఎక్కువ కాలం ఉండదు. ముందు ఒక గీత గీసి తర్వాత దాన్ని తానే దాటితే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఫ్రాన్స్‌లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఫ్రాన్స్వా ఫియోన్ 2017 జనవరిలో, భార్యకు చేయని పనికి పార్లమెంటు జీతం ఇప్పించారన్న ఆరోపణ మీద అధికారికంగా అభియోగం వస్తే పోటీ నుంచి తప్పుకుంటానని టీవీలో చెప్పారు. మార్చిలో అభియోగం వచ్చింది, ఆయన తప్పుకోలేదు. అధ్యక్ష భవనం దాదాపు ఖాయమనుకున్న మనిషి 20.01 శాతం ఓట్లతో మూడో స్థానంలో మిగిలారు.

పదవి భార్యకో, నమ్మినబంటుకో ఇచ్చి వెనకనుంచి నడిపితే దాన్ని తప్పుకోవడం అనొచ్చా?

అనలేం. దాణా కేసులో అరెస్టు తప్పదని తేలాక 1997 జులైలో లాలూ ప్రసాద్ కుర్చీ దిగి భార్య రబ్రీదేవిని ముఖ్యమంత్రిని చేశారు. ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో 2014 సెప్టెంబరులో జయలలితకు శిక్ష పడి పదవి పోయినప్పుడు, పన్నీర్ సెల్వం, మంత్రులు ప్రమాణ స్వీకార వేదిక మీదే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే కావచ్చు. కానీ అధికారం ఎవరిదో రాష్ట్రమంతటికీ తెలుసు.

జపాన్ మాజీ ప్రధాని తనాకా కాకుయీ ఇంకో అడుగు ముందుకేశారు. లాక్‌హీడ్ కంపెనీ నుంచి 50 కోట్ల యెన్‌ల లంచం కేసులో 1976లో అరెస్టయ్యాక పార్టీ సభ్యత్వమే వదిలేశారు. అయినా బయట ఉండి, తన వర్గం ఎంపీల బలంతో ఆ తర్వాతి ప్రధానులను ఆయనే నిలబెట్టారు. కాగితం మీద రాజీనామా ఉందా అని కాకుండా, ఫైళ్లు, నియామకాలు, నిధులు ఎవరి ఫోన్ కాల్‌తో కదులుతున్నాయో చూడండి.

జైలు నుంచే పరిపాలించవచ్చా?

శిక్ష పడనంతవరకు మన చట్టంలో నేరుగా అడ్డేమీ లేదు. అరవింద్ కేజ్రీవాల్ 2024 మార్చి 21న అరెస్టయ్యాక కూడా నెలల తరబడి ముఖ్యమంత్రిగానే కొనసాగారు. బెయిలు షరతుల్లో సచివాలయానికి వెళ్లకూడదని ఉంది. విడుదలయ్యాక సెప్టెంబరులో రాజీనామా చేశారు. జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ అదే ఏడాది జనవరిలో అరెస్టుకు ముందే రాజీనామా చేశారు.

వరుసగా 30 రోజులు కస్టడీలో ఉంటే పదవి పోయేలా 130వ రాజ్యాంగ సవరణ బిల్లును 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టి సంయుక్త కమిటీకి పంపారు. నాకు దీని మీద టెన్షన్ ఉంది. అరెస్టు చేసే అధికారం కేంద్రం చేతిలో ఉన్నప్పుడు, శిక్ష పడకముందే ముఖ్యమంత్రిని దించే అధికారం కూడా దానికే దక్కే ప్రమాదం ఉంది. పక్కకు పెట్టే బాధ్యత సొంత పార్టీ తీసుకుంటే ఇలాంటి చట్టం అడగాల్సిన అవసరమే రాదు.

## తీర్పు వచ్చాక

కోర్టు కేసు కొట్టేసింది. ఇక కడిగిన ముత్యమే కదా?

ఎందుకు కొట్టేశారో తీర్పులో చదవాలి. సాక్ష్యాలు పరిశీలించి నేరం జరగలేదనడం ఒకటి. అనుమతి సరిగా లేదనో, ఆ కోర్టుకు పరిధి లేదనో కొట్టేయడం మరొకటి. బ్రెజిల్ నేత లూలా 580 రోజులు జైల్లో ఉన్నారు. 2021లో సుప్రీంకోర్టు ఆయన శిక్షలను పరిధి లేదన్న కారణంతో రద్దు చేసింది. ఆయనకు శిక్ష వేసిన జడ్జి సెర్జియో మోరో పక్షపాతంతో వ్యవహరించారని కూడా తేల్చింది. అదే మోరో 2019లో లూలా ప్రత్యర్థి ప్రభుత్వంలో న్యాయ మంత్రి అయ్యారు. అంటే "కుట్ర" అన్న మాట కొన్నిసార్లు నిజమవుతుంది. అలాగని, పరిధి లేదన్న తీర్పు ఆరోపణలన్నిటినీ విచారించి అబద్ధమని తేల్చినట్టూ కాదు.

పై కోర్టు సంగతి కూడా మరవొద్దు. జయలలితను 2015 మే 11న కర్ణాటక హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసినప్పుడు స్వీట్లు పంచారు. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. అప్పటికే ఆమె చనిపోయారు, అదే కేసులో శిక్ష పడిన శశికళ జైలుకు వెళ్లారు.

శిక్ష పడితే పార్టీ అధ్యక్షుడిగా కూడా ఉండకూడదా?

రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే చట్టసభ సభ్యత్వం వెంటనే పోతుంది. అవినీతి నిరోధక చట్టం కింద అయితే జైలు శిక్ష ఎంతైనా పోతుంది. అప్పీలు వేసి మూడు నెలలు నెట్టుకొచ్చే వెసులుబాటును 2013 జులైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. విడుదలయ్యాక ఆరేళ్లు పోటీ చేయలేరు. కానీ పార్టీ అధ్యక్ష పదవికి ఈ నియమం లేదు. 2013లో శిక్ష పడ్డాక కూడా లాలూ తన పార్టీకి అధ్యక్షుడిగానే ఉన్నారు. ఎమ్మెల్యే కాకూడదన్న మనిషి, ఎమ్మెల్యేలు ఎవరవ్వాలో నిర్ణయించడం నాకు అసలు మింగుడుపడదు.

## ఎన్నికల్లో

అరెస్టయ్యాక కూడా గెలిచారు కదా. జనమే తీర్పిచ్చాక ఇంకా కేసు గురించి ఎందుకు?

అరెస్టు సానుభూతి తెచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 2012 మేలో జగన్ అరెస్టయ్యాక జరిగిన ఉప ఎన్నికల్లో ఆయన పార్టీ 18 అసెంబ్లీ స్థానాల్లో 15 గెలిచింది. 2023 సెప్టెంబరులో అరెస్టయిన చంద్రబాబు 2024 జూన్‌లో ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది జార్ఖండ్‌లో హేమంత్ సోరెన్ కూటమి మళ్లీ గెలిచింది. మరోవైపు 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలో కేజ్రీవాల్ పార్టీ 70లో 22 సీట్లకు పడిపోయింది.

ఓటరు ఒక్క కేసును చూసి ఓటెయ్యడు. ధరలు, పథకాలు, స్థానిక అభ్యర్థి, అవతలివాడి మీద కోపం అన్నీ ఆ ఒక్క బటన్‌లోనే ఉంటాయి. గెలుపును నిర్దోషిత్వం అనుకుంటే ఓటమిని నేరం అనుకోవాలి. రెండూ కుదరవు.

వెంట నిలబడితే పార్టీకి నష్టమా, వదిలేస్తే నష్టమా?

దగ్గర్లో చూస్తే వదిలేయడమే నష్టంగా కనిపిస్తుంది. కార్యకర్తలు కుంగిపోతారు, ఒక వర్గం చీలుతుంది. దూరం నుంచి చూస్తే లెక్క మారుతుంది. ఇటలీలో క్రాక్సీ పార్టీకి 1992లో 13 శాతం పైగా ఓట్లు వచ్చాయి. 1994లో రెండు శాతం చిల్లరకు పడిపోయింది. వందేళ్ల చరిత్ర ఉన్న ఆ పార్టీ ఆ ఏడాదే రద్దయింది. మలేషియాలో నజీబ్ వెంట నడిచిన కూటమి 2018లో, 61 ఏళ్లలో మొదటిసారి అధికారం పోగొట్టుకుంది. జర్మనీలో కోల్ పార్టీ కొన్ని నెలల్లోనే ఆయన నుంచి విడిపోయి, 2005లో తిరిగి అధికారంలోకి వచ్చింది.

ఆలస్యంగా వదిలేయడం ఇంకో రకం. దక్షిణాఫ్రికా పాలక పార్టీ తొమ్మిదేళ్లు జుమాను మోసి తర్వాత దించింది. 2024లో ఆయన వేరే పార్టీతో వచ్చి 14 శాతం పైగా ఓట్లు పట్టుకుపోయారు. పాలక పార్టీ 40 శాతానికి పడి, 1994 తర్వాత మొదటిసారి మెజారిటీ కోల్పోయింది. మోసిన మచ్చా మిగిలింది, చీలికా తప్పలేదు.

## కార్యకర్తగా, అభిమానిగా

ప్రశ్నిస్తే ద్రోహి అంటున్నారు. నిజంగా ద్రోహమేనా?

మీరు సభ్యత్వం తీసుకున్నది పార్టీలో. ఆ పార్టీ ఏ మాటలతో మిమ్మల్ని రప్పించిందో అవే మాటలతో నాయకుడిని అడగడం ద్రోహం ఎలా అవుతుంది? 1999 డిసెంబరు 22న జర్మనీలో ఒక పెద్ద దినపత్రికలో హెల్ముట్ కోల్ పార్టీ ప్రధాన కార్యదర్శి వ్యాసం వచ్చింది. పార్టీ ఇక కోల్ లేకుండా నడవడం నేర్చుకోవాలని అందులో ఉంది. రాసింది ఆయన చేయిపట్టి పైకి తెచ్చిన ఏంజెలా మెర్కెల్. కృతజ్ఞత లేని మనిషి అని తిట్టారు. నాలుగు నెలలకు పార్టీ ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకుంది.

అందరికీ అలా కలిసిరాదన్నది కూడా నిజం. మలేషియాలో నజీబ్‌ను ప్రశ్నించిన ఉప ప్రధాని ముహియిద్దీన్‌ను ముందు ప్రభుత్వం నుంచి, తర్వాత పార్టీ నుంచి పంపేశారు. 2020లో ఆయన ప్రధాని అయ్యారు, కానీ అది వేరే పార్టీ నుంచి. మామూలు కార్యకర్తకు పోయేది చిన్నదేం కాదు: ఇరవై ఏళ్ల స్నేహాలు, ఊళ్లో గుర్తింపు, కొన్నిసార్లు బతుకుతెరువు. కాబట్టి మౌనంగా ఉండిపోయిన ప్రతి ఒక్కరినీ అమ్ముడుపోయాడని అనడం నాకు ఇష్టం లేదు.

మేం ఇప్పుడు మాట్లాడితే అవతలి పార్టీకి లాభం కదా?

కొంత లాభమే. కానీ మీరు మాట్లాడకపోతే ఆ విషయం మీద మాట్లాడే హక్కు పూర్తిగా వాళ్లకే వెళ్తుంది. రేపు వాళ్ల నాయకుడు దొరికినప్పుడు మీ మాటకు బరువుండదు.

పార్టీలో ఉంటూనే నాయకుడి విషయంలో ఏమని అడగొచ్చు?

"దొంగ" అని కేకలు వేయక్కర్లేదు. జవాబు చెప్పగలిగే ప్రశ్నలు అడగండి. కోర్టు అభియోగాలు నమోదు చేస్తే పక్కకు తప్పుకుంటారా, ఆ మధ్యకాలంలో టికెట్లు ఎవరిస్తారు? ఆయన లాయర్ల ఫీజు సొంత డబ్బా, పార్టీ నిధా? మన పార్టీ ఏటా ఎన్నికల సంఘానికి ఇచ్చే ఆడిట్ లెక్కలు, 20,000 రూపాయలకు మించిన విరాళాల జాబితా కార్యవర్గ సమావేశంలో ఎందుకు పెట్టరు? ఇందులో ఒక్కటి కూడా ఆయన నేరస్తుడని అనడం లేదు. వీలైతే ఒంటరిగా కాకుండా నలుగురైదుగురు కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి, మినిట్స్‌లో ఎక్కేలా చూడండి. మైకు ముందు అన్న మాటను మర్నాడు వక్రీకరించవచ్చు, సంతకాలున్న కాగితాన్ని అంత తేలిగ్గా కుదరదు.

కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఎవరిని నమ్మాలి?

ఛానెళ్లను పక్కనపెట్టి కోర్టు కాగితాలు చదవండి. బెయిలు ఉత్తర్వులు, తీర్పులు చాలావరకు కోర్టుల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. బెయిలు ఇచ్చారంటే నిర్దోషి అని కాదు, బెయిలు రాలేదంటే దోషి అనీ కాదు. ఆ ఉత్తర్వులో జడ్జి ప్రస్తావించిన చెల్లింపులు, తేదీలు, కంపెనీల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఒక్కోదానికి మీ నాయకుడి వైపు నుంచి వచ్చిన జవాబు పక్కన రాయండి. జవాబు లేని గడులు ఎన్ని మిగిలాయో, వాయిదాలు ఎవరు ఎక్కువగా అడుగుతున్నారో ఆరు నెలలకోసారి చూసుకుంటే, తీర్పు వచ్చేలోపే మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.